కాశీరాజు త్రవ్వించిన ఇంగ్లీషు బావి



పంచాంగ శ్రవణము అయినది. ఆదాయ వ్యయములు విన్నాము. కవిగారి పద్యములు విన్నాము. పిల్లలు నృత్యము కోసము వేషములు కట్టుకొనేలోగా సభను నిలబెట్టమని కార్యదర్శిగారు మాకు పదిహేను నిమిషములు ఇచ్చారు. మేము రైల్వే గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కనుక కవిత్వము జోలికిగాని, వేదాంతము జోలికిగాని పోము. ఒక చిన్న ఊరి సంగతి చెప్పి దిగిపోతాము. ఆ ఊరు ఇంగ్లండులో ఉన్నది. పేరు స్టోక్ రో. మేము దానిని కన్నులతో చూచినవారము కాము. చదివి తెలిసికొన్నదే. కాని చదివిన నాటినుంచి అది మా మనసు విడిచి పోలేదు.

ఆక్స్‌ఫర్డు జిల్లాలో చిల్టర్న్ గుట్టలని ఉన్నాయి. ఆ గుట్టల మీద, థేమ్స్ నది ఒడ్డున ఉన్న హెన్లీ పట్టణమునకు పడమరగా సుమారు 5 మైళ్ళ దూరములో ఈ పల్లె ఉన్నది. రైలు లేదు. ట్వైఫర్డు జంక్షనునుంచి హెన్లీకి 1857లో ఒక చిన్న శాఖా లైను వేశారు. అక్కడితో సరి, తరువాత బండిబాటే. జనము వందలలో లెక్క. చుట్టూ బీచ్ అనే చెట్ల అడవి. వెనుకటి రోజులలో ఆ అడవిలోనే గుడిసెలు వేసికొని, కాలితో త్రొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్ళు చెక్కి హై వికోమ్ పట్టణములోని కుర్చీల కార్ఖానాలకు పంపే పనివారు ఉండేవారు. వారిని బాడ్జర్లు అనేవారు. కొందరు ఇటుకలు కాల్చేవారు. 1846లో చెకుముకి రాళ్ళతో కట్టిన చర్చి ఒకటి, చెర్రీ ట్రీ అనే పాత పానశాల ఒకటి ఉన్నాయి. ఇంతవరకు చెప్పినది ఇంగ్లండులో ఏ పల్లెకైనా అటూ ఇటుగా సరిపోతుంది.

వీధి ప్రక్కన మాత్రము ఒక వింత ఉన్నది. ఇనుప స్తంభముల మీద నిలిపిన గోపురము. నేలనుంచి శిఖరము వరకు 23 అడుగులు. అచ్చముగా మన ఉత్తరదేశపు మంటపము తీరు. దాని క్రింద చక్రములు, చక్రముల మీద బంగారు పూత పూసిన ఏనుగు. ఆ ఏనుగు క్రింద బావి. ఇంగ్లీషు పల్లెలో ఏనుగు ఎందుకు వచ్చినదంటే, ఆ బావి త్రవ్వించినవాడు కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద నారాయణ సింహుడు. పొరపాటున చెప్పడము లేదు. మన దేశపు రాజు తన సొమ్ముతో ఇంగ్లండులోని పేదపల్లెకు మంచినీళ్ళు ఇచ్చాడు.

ఇంగ్లండులో నీటి కరువేమిటి, అక్కడ ఎప్పుడూ వాన కదా అని మీకు తోచవచ్చును. వాన ఉన్నది, కాని నేల తీరు వేరు. చిల్టర్న్ గుట్టలు సుద్ద గుట్టలు. పైన కొంత బంకమట్టి, క్రింద వందల అడుగుల మందమున సుద్ద. బంకమట్టి గుంటలలో నిలిచిన వాన నీరే ఊరివారికి ఆధారము. సుద్దలో పడిన నీరు నిలువదు. ఇంకి ఇంకి ఎక్కడో పాతాళములో చేరుతుంది. బావి త్రవ్వవలెనంటే ఆ పాతాళము దాకా పోవలెను. కుర్చీ కాళ్ళు చెక్కుకొనే పేదవానికి అది అయ్యే పనియేనా? ఎండలు కాసి గుంటలు ఎండితే మైళ్ళు నడిచి తెచ్చుకోవలసినదే. కూరలు ఉడికించిన నీటిని కూడ పారబోయక దాచి, మరల వాడుకొనేవారట. బట్టలు ఉతుక్కొనే రోజు వాయిదా పడుతూ ఉండేదట. ఈ మాటలు చదివినప్పుడు మాకు ఇంగ్లండు జ్ఞాపకము రాలేదు. వైశాఖములో మన పేటలో కుళాయి దగ్గర వరుసగా పెట్టిన బిందెలు జ్ఞాపకము వచ్చినాయి.

ఇప్పుడు కాశీకి, ఈ పల్లెకు నడుమ ఉన్న మనిషిని గురించి చెప్పవలెను. ఆయన పేరు ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్. స్టోక్ రో ప్రక్కనే ఇప్స్‌డెన్ అనే పల్లె ఉన్నది. అక్కడి జమీందారీ ఇంటి బిడ్డ. ఈయన తమ్ముడు చార్లెస్ రీడ్ ఆ రోజులలో పేరు మోసిన నవలా రచయిత. అన్నగారు మాత్రము కంపెనీ కొలువులో చేరి మన దేశానికి వచ్చి, ఉత్తర పశ్చిమ రాష్ట్రములనబడిన ప్రాంతములో పెద్ద పెద్ద హోదాలలో పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో ప్రజల కోసము ఒక బావి త్రవ్వించాడు. కాశీరాజుతో స్నేహము కుదిరినది.

ఒకనాడు మాటల సందర్భమున రీడ్ దొర రాజుగారితో తన ఊరి సంగతి చెప్పాడట. మీ దేశములోనే కాదు, మా ఊరి గుట్టల మీద కూడ నీళ్ళకు కటకటే. నేను కుర్రవానిగా ఉండగా ఒక పిల్లవాడు ఇంట్లో మిగిలిన కడపటి నీళ్ళు త్రాగివేసినాడని వాని తల్లి వానిని కొట్టినది అని. ఇదీ కథ. ఇంతకన్న ఏమీ లేదు. దొర ఉద్యోగము చాలించుకొని 1860లో స్వదేశమునకు వెళ్ళిపోయాడు. కాని రాజుగారు ఆ పిల్లవానిని మరచిపోలేదు. తాను ఇంగ్లండులో ఏదైన ధర్మకార్యము చేయ సంకల్పించినప్పుడు, లండనులో శిలావిగ్రహము నిలపక, రీడ్ చెప్పిన ఊరిలో బావి త్రవ్వించవలెనన్నాడు.

ఎవరో పరాయి దేశపు పిల్లవాడు. ఎన్నడో తిన్న దెబ్బ. ఆ దెబ్బ ఎవరి వలన తగిలినదో ఆ తల్లిని మనము తప్పు పట్టలేము. ఇంట్లో కడపటి చెంబు ఖాళీ అయినప్పుడు తల్లి చేయి ఎందుకు లేచినదో ఇక్కడ కూర్చున్న అక్కయ్యలకు, పిన్నులకు మేము చెప్పనక్కరలేదు.

1863 మార్చి 10వ తేదీన, వేల్స్ రాకుమారుని పెండ్లినాడు, పని మొదలుపెట్టారు. మరుసటి సంవత్సరము మే 24న, విక్టోరియా రాణి పుట్టిననాడు, బావిని ఊరికి అప్పగించారు. 14 నెలల పని. వెడల్పు 4 అడుగులు. లోతు 368 అడుగులు. 4 అడుగుల వెడల్పులో ఇద్దరు నిలబడి పనిముట్టు ఎత్తడానికి చోటు చాలదని మీరే ఊహించుకోవచ్చును. యంత్రము లేదు, అంతా చేతిపని. ఢిల్లీలోని కుతుబ్ మీనారు 238 అడుగులు. అటువంటి మీనారును తలక్రిందులుగా ఆ బావిలో దింపితే, దాని మీద ఇంకొక సగము మీనారు పెట్టినా భూమి పైకి రాదు. లండనులోని సెయింట్ పాల్ చర్చి, పైనున్న శిలువతో కలిపి 365 అడుగులే. అంత లోతున, ఆ చీకటిలో, తలపైన నాణెమంత ఆకాశము చూచుకొంటూ పలుగు వేసిన కూలివారి పేర్లు చరిత్రలో పెద్దగా వినబడవు. రాజుగారి పేరు గోపురము మీద ఉన్నది. ఇది ఆ దేశములోను ఇంతే, మన దేశములోను ఇంతే.

బావికైన ఖర్చు 353 పౌండ్ల 13 షిల్లింగుల 7 పెన్నీలు. ఈ అంకె మాకు ఎంతో ప్రీతి. లెక్కలు వ్రాసేవానికి 353 పౌండ్లు కాదు ముఖ్యము, ఆ 7 పెన్నీలు ముఖ్యము. ఆ 7 పెన్నీలు కాగితము మీద ఉన్నాయంటే, ఎవరో కూర్చుండి పైసాకు పైసా జమాఖర్చు వ్రాశారన్న మాట. ధర్మము సొమ్ముకు లెక్క ఏమిటి అనేవారు మనలో చాలామంది. ధర్మము సొమ్ముకే లెక్క కావలెనని మా అభిప్రాయము.

పైన యంత్రము, ఏనుగు వాలింగ్‌ఫర్డ్ పట్టణములోని వైల్డర్ కంపెనీవారు చేశారు. బాల్చీకి 9 గాలనులు, అనగా సుమారు 41 లీటర్లు. చక్రము త్రిప్పుతూ ఉంటే ఒక బాల్చీ దిగుతుంది, ఒక బాల్చీ ఎక్కుతుంది. నిండిన బాల్చీ పైకి రావడానికి సుమారు 10 నిమిషములు. గంటకు ఆరు బాల్చీలు. ఇప్పుడు బొత్తాము నొక్కితే మోటారు తోడే మనకు నవ్వు రావచ్చును. కాని మైళ్ళు నడిచినవారికి ఆ పది నిమిషములు ఒక లెక్క కాదు. పైగా నీరు ఉచితము. ఎవరికీ కాదనడము లేదు.

అసలు సంగతికి ఇప్పుడు వస్తున్నాము. రాజుగారు బావి త్రవ్వించి చేతులు దులుపుకొనలేదు. బావి ప్రక్కనే ఎనిమిది పలకల చిన్న ఇల్లు ఒకటి కట్టించి, బావి కనిపెట్టుకొని ఉండే మనిషిని దానిలో పెట్టించారు. ఆ ప్రక్కన 4 ఎకరముల నేల కొని చెర్రీ చెట్లు వేయించారు. పండ్లు అమ్మగా వచ్చిన సొమ్ముతో బావి బాగోగులు జరగవలెనని ఏర్పాటు. తోటకు పేరు ఈశ్రీ బాగ్. ఇంగ్లీషు పల్లెలో మన పేరు గల తోట! దానిలో చేప ఆకారమున ఒక చెరువు, ప్రభు తీలా అని ఒక దిబ్బ కూడ వెలిసినాయి. ఇవన్నీ చూచుకొనడానికి ధర్మకర్తలను నియమించారు. ఆలోచించి చూడండి. మనిషి, ఇల్లు, తోట, లెక్క. మన పెద్దలు గుడి కట్టి మాన్యము వ్రాసిన పద్ధతే ఇది. దీపము వెలిగించినవాడు నూనెకు కూడ దారి చూపవలెనని వారికి తెలుసును.

రాజుగారు తన బావిని ఒక్కసారియైనా చూడలేదు. 1889లో కాలము చేశారు. ఆ నీటిలో ఒక్క గుక్క ఆయన నోటికి అందలేదు.

ఈ కథ మేము మా ఆఫీసులో చెప్పినప్పుడు ఒక మిత్రుడు మండిపడ్డాడు. దొరల మెప్పు కోసము చేసిన పని ఇది, దీనిని మెచ్చుకొంటారా అన్నాడు. ఆ మాటను తోసివేయలేము. 1857లో కాశీరాజు కంపెనీవారి పక్షమున నిలిచాడు. బావి మొదలుపెట్టిన తేదీ, అప్పగించిన తేదీ చూస్తేనే రాజభక్తి ఎంత తూకమున ఉన్నదో తెలుస్తుంది. ఇంకొక చేదు మాట. 1860-61లో ఉత్తరదేశములో గొప్ప కరువు వచ్చినది. బావి పూర్తి అయిన రెండేండ్లకు, 1866లో, మనము ఈనాడు బ్రతుకుతున్న ఈ ఒడిశా నేల మీదనే నాఅంక కరువు వచ్చి లక్షలాది జనము అన్నము లేక మరణించారు. గంజాము వైపు మన తెలుగు ఊళ్ళు కూడ ఆ దెబ్బ తిన్నాయి. ఆ రోజులలో ఇంగ్లండులో ఒక పల్లె బావి గురించి కథలు చెప్పుకొనడము ఏమి న్యాయమంటే మా దగ్గర జవాబు లేదు.

అయినా మేము మిత్రునికి ఒక మాట చెప్పాము. రాజుగారి మనసులో రాణిగారి మెప్పు ఎంత, పిల్లవాని దాహము ఎంత అని తూచే తక్కెడ మన చేతిలో లేదు. ఆ బాల్చీ నీళ్ళు మాత్రము రాణిగారి కోటకు పోలేదు. కుర్చీ కాళ్ళు చెక్కేవాని ఇంటికి పోయినాయి. 70 ఏండ్లకు పైగా పోయినాయి. మెప్పు కోసమే అయితే లండనులో నలుగురు చూచే చోట పాలరాతి విగ్రహము నిలిపి ఉండవచ్చును. మిత్రుడు ఒప్పుకొనలేదు. ఇప్పటికీ మాకు, ఆయనకు ఈ విషయములో పడదు.

కాశీరాజును చూచి మరికొందరు ముందుకు వచ్చారు. ప్రక్కనున్న ఇప్స్‌డెన్‌లో రాజా దేవనారాయణ సింహుడు ఇంకొక బావి ఇచ్చాడు. ఇక మన సంగతి. ఈ సభలో సగము మంది విజయనగరము, శ్రీకాకుళము వైపునుంచి తాతల కాలమున రైలు పనికి వచ్చినవారే. విజయనగరము మహారాజా విజయరామ గజపతిరాజుగారు కూడ ఇంగ్లండులో నీళ్ళు ఇచ్చారని మీలో ఎంతమందికి తెలుసును? లండను మహానగరములో హైడ్ పార్కు అనే పెద్ద తోటలో, దారిన పోయేవారు త్రాగడానికి, చెక్కడపు పనితో గోపురము వంటి మంచినీటి కట్టడము ఒకటి ఆయన సొమ్ముతో లేచినది. అది 1867 నాటి దానము. లండనులో కలరా ప్రబలి, మంచినీరు పేదవారికి ఉచితముగా దొరకవలెనని 1859లో ఒక సంఘము ఏర్పడినది. ఆ సంఘము ద్వారానే ఈ కట్టడము కట్టారు. మన తెలుగు రాజు ఇచ్చిన నీరు లండను కూలివాడు, బండివాడు త్రాగారు. కాశీకి, విజయనగరమునకు కూడ దూరము లేదు. కాశీలో విజయనగరమువారి భవనము ఈనాటికీ ఉన్నది.

ఈ రెండు దానములకు తరువాత ఏమి జరిగినదో వినండి. 1961లో ఎలిజబెత్ రాణి కాశీకి వచ్చినప్పుడు, నాటి కాశీ మహారాజు ఆమెకు స్టోక్ రో బావి నమూనాను దంతముతో చేయించి బహూకరించారు. 1964లో బావికి నూరేండ్లు నిండినాయి. అప్పటికి ఊరికి పైపుల నీరు వచ్చి, బావినుంచి తోడడము మానివేశారు. అయినా ఊరివారు పండుగ చేశారు. రాణిగారి భర్త ఫిలిప్ రాకుమారుడు వచ్చాడు. కాశీనుంచి గంగాజలము తెప్పించి ఆ బావిలో పోశారు. మన ఇండ్లలో కాశీయాత్ర చేసివచ్చినవారు రాగి కాశీ చెంబుకు పూజ చేసి నలుగురిని పిలిచి సమారాధన చేయరా? స్టోక్ రోలో జరిగినది అదే అనుకోండి. కాశీకి పోయి వచ్చినది మాత్రము మనుషులు కారు, ఒక బావి.

అదే 1964లో హైడ్ పార్కులోని విజయనగరమువారి కట్టడమును తొలగించారు. ఈనాడు అక్కడ ఒక ఫలకము ఉన్నది. ఇక్కడ విజయనగరము మహారాజు దానము చేసిన మంచినీటి కట్టడము ఉండేదని, 1964లో తీసివేశారని దాని తాత్పర్యము.

ఒకే సంవత్సరము. ఒక చోట గంగాజలము, ఒక చోట గునపము. కాశీరాజుది గొప్ప దానము, మన రాజుది తక్కువ దానము కాదు. లండను తోటలో రోజుకు వేలమంది నడుస్తారు. వేలమందిలో దానిని నాది అనేవాడు ఎవడు? స్టోక్ రోలో ఉన్నది కొన్ని వందల మందే అయినా, ఆ బావి మాది అనేవారు వారందరు. బావి ప్రక్క ఇల్లు ఉన్నది, తోట ఉన్నది, ధర్మకర్తల పుస్తకము ఉన్నది. తాత త్రాగిన నీరు అని మనుమడు చెప్పుకొనడానికి కుటుంబములు ఉన్నాయి. మాకు తోచిన కారణము ఇది.

కార్యదర్శిగారు గడియారము వైపు చూస్తున్నారు. ఇంకొక్క మాట.

మన సంఘము ఏటా ఉగాదినాడు స్టేషను బయట చలివేంద్రము పెడుతున్నది. పందిరి వేస్తాము, మామిడి తోరణము కడతాము, కుండలకు పసుపు కుంకుమ పెడతాము, ఫోటో తీయించుకొంటాము. పోయిన ఏడు నాలుగు కుండలు పెట్టాము. చైత్రము వెళ్ళేసరికి రెండు. వైశాఖములో, ఎండ నిజముగా మండే రోజున, డ్యూటీ దిగి వస్తూ చూస్తే కుండలు బోర్లించి ఉన్నాయి. గ్లాసుకు కట్టిన గొలుసు మాత్రము స్తంభానికి వ్రేలాడుతున్నది. ఒక ముసలామె, బ్రహ్మపురము బండి దిగినదనుకొంటాము, వచ్చి కుండ ఎత్తి చూచి మళ్ళీ బోర్లించి వెళ్ళినది. ఎవరినీ నిందించడానికి చెప్పడము లేదు. కుండలు పెట్టిన చేతులు మనవే, నింపవలసిన చేయి ఏదో మనము వ్రాసుకొనలేదు.

కాబట్టి మా మనవి. చలివేంద్రమునకు విడిగా ఒక ఖాతా తెరవండి. పందిరి ఖర్చు తగ్గించినా ఫరవాలేదు. జ్యేష్ఠమాసములో మొదటి వాన పడేదాకా రోజూ నీళ్ళు పోసి కుండలు కడిగే మనిషిని జీతము మీద పెట్టండి. ఆ జీతము ఏ వనరునుంచి రావలెనో ఈ రాత్రే తేల్చండి. మనకు చెర్రీ తోట లేదు, కాని ఈ సంచికలో ప్రకటనలు ఉన్నాయి. రెండు పుటల ప్రకటనల సొమ్ము దానికి కేటాయించవచ్చును. లెక్క వ్రాయమంటే మేము వ్రాస్తాము, పైసాతో సహా. మా వంతు 1,116 రూపాయలు సభకు ముందే కోశాధికారిగారికి ఇచ్చి, చలివేంద్రము క్రింద జమ అని వ్రాయించి రసీదు తీసికొన్నాము.